సీపీయూ ఖాళీ, లోడ్ మాత్రం 480: రౌటింగ్ టేబుల్‌లో ఏం వెతకాలి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ సంచికకు ఎంచుకున్న ప్రశ్నలన్నీ ఒకే కుదురుకు చెందినవి. ఎక్కడో ఒక రూటు (ఫలానా నెట్‌వర్క్‌కు ప్యాకెట్లు ఏ దారిన వెళ్ళాలో చెప్పే వరుస; ఇవన్నీ ఉండే జాబితాయే రౌటింగ్ టేబుల్) లేకుండా పోవడమో, ఉన్న రూటు మరో రూటు చాటున పడిపోవడమో జరిగి, దాని ఫలితం నెట్‌వర్క్ లోపంగా కాకుండా సర్వర్ లోడ్‌గా బయటపడిన సందర్భాలివి. మొదటి ఉత్తరంలో వివరాలు బాగా ఉన్నందువల్ల దానికి విపులంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఆసుపత్రి బిల్లింగ్ అప్లికేషన్ 16 కోర్లున్న ఒక లినక్స్ సర్వర్‌పై నడుస్తుంది. సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులున్నాయి. మొదటిది సిబ్బంది వాడే 192.168.1.0/24 నెట్‌వర్క్‌కు, రెండోది 10.10.0.0/24 అనే లోపలి నెట్‌వర్క్‌కు కలిపి ఉన్నాయి. పాత బిల్లులు, స్కాన్ కాపీలు పక్క భవనంలోని స్టోరేజీలో ఉంటాయి. దాని అడ్రసు 10.20.5.7, ఎన్‌ఎఫ్‌ఎస్ (మరో యంత్రంలోని ఫైళ్ళను మన సర్వర్‌లోనే ఉన్నట్టు చూపించే పద్ధతి) ద్వారా మౌంట్ చేశాం. శనివారం రాత్రి 10 గంటలకు డీఎన్‌ఎస్ (పేర్లకు అడ్రసులు చెప్పే వ్యవస్థ) సెట్టింగ్ మార్చి నెట్‌వర్క్ సర్వీసును రీస్టార్ట్ చేశాను. అప్పటి నుంచి లోడ్ యావరేజ్ గంటకు దాదాపు 60 చొప్పున పెరుగుతూ ఆదివారం ఉదయం 6 గంటలకు 480 దగ్గరికి చేరింది. ‘టాప్’లో చూస్తే సీపీయూ 96 శాతం ఖాళీగానే ఉంది. లాగిన్ అవుతోంది గానీ డిస్కులో ఖాళీ ఎంతో చూపే ‘డీఎఫ్’ కమాండ్ ఇస్తే కదలడం లేదు. కోర్లు పెంచుదామని మా మేనేజర్ అంటున్నారు. నాకేమో రీబూట్ చేయాలనిపిస్తోంది. ఏది సరైనది?
— సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ వద్దు. కోర్లు పెంచితే ఖాళీగా ఉండే కోర్ల సంఖ్య పెరుగుతుందే తప్ప లోడ్‌లో ఒక్క అంకె కూడా తగ్గదు. రీబూట్ చేస్తే లోడ్ తగ్గుతుంది గానీ, మీ పరిస్థితిలో అది ఇప్పుడున్న ఇబ్బంది కన్నా పెద్ద నష్టానికి దారి తీయవచ్చు; ఆ సంగతి కాస్త తరువాత చెబుతాను.

లోడ్ యావరేజ్ అంటే సీపీయూ ఎంత పనిలో ఉందో చెప్పే అంకె అని చాలామంది అనుకుంటారు. ఇతర యూనిక్స్ వ్యవస్థల్లో అది చాలావరకు నిజమే. లినక్స్‌లో మాత్రం 1993లో వచ్చిన ఒక చిన్న సవరణతో ఈ లెక్క మారింది. సీపీయూ మీద నడుస్తున్న ప్రాసెస్‌లు, దాని కోసం వరుసలో ఉన్న ప్రాసెస్‌లతో పాటు, డిస్కు వంటి వాటి నుంచి సమాధానం వచ్చేదాకా మధ్యలో లేవని నిద్రలో ఉన్న ప్రాసెస్‌లను కూడా కెర్నెల్, అంటే లినక్స్ మూలభాగం, ఇందులో కలుపుతుంది. ‘పీఎస్’ కమాండ్ ఇచ్చే జాబితాలో మొదటి రకానికి ‘ఆర్’ అనీ, రెండో రకానికి ‘డీ’ అనీ గుర్తు ఉంటుంది. ప్రతి 5 సెకన్లకు ఒకసారి కెర్నెల్ ఈ రెండింటినీ కలిపి లెక్కపెట్టి, 1, 5, 15 నిమిషాల సగటులుగా చూపిస్తుంది. మీ సీపీయూ 96 శాతం ఖాళీగా ఉన్నదంటే ఆ 480లో దాదాపు అన్నీ ‘డీ’ స్థితిలో ఉన్నవే. అవి పని చేస్తున్నవి కావు, ఎదురుచూస్తున్నవి. కాబట్టి ఎంత పని ఉందని కాక, ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారని అడగాలి.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చిన వివరం ‘గంటకు దాదాపు 60’ అన్న మాట. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 480 నిమిషాలు. లోడ్ కూడా 480. రోగుల రద్దీ వల్ల పెరిగే లోడ్ ఇలా గీత గీసినట్టు పెరగదు. నడిరాత్రి మందగించి తెల్లవారాక పుంజుకుంటుంది. నిమిషానికి ఒక్కటి చొప్పున ప్రాసెస్ పుట్టి, ముగియకుండా ఆగిపోతున్నదంటే, నిర్ణీత వేళలకు పనులు నడిపే క్రాన్‌లో నిమిషానికోసారి నడిచే పని ఏదో ఉన్నదన్నమాట. చాలా చోట్ల అది డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూసి హెచ్చరిక పంపే స్క్రిప్టు. ఆ స్క్రిప్టు ‘డీఎఫ్’ను పిలుస్తుంది, ‘డీఎఫ్’ మౌంట్ అయి ఉన్న ఫైల్ సిస్టమ్‌లన్నింటినీ వరుసగా అడుగుతూ పోతుంది, పక్క భవనంలోని స్టోరేజీ జవాబివ్వకపోతే అక్కడే నిలిచిపోతుంది. మరుసటి నిమిషం ఇంకో ‘డీఎఫ్’ వచ్చి అక్కడే చిక్కుకుంటుంది. సర్వర్‌ను కనిపెట్టి ఉండడానికి పెట్టిన స్క్రిప్టే మీ లోడ్‌లో సింహభాగం.

ఇది నా ఊహ మాత్రమే, మీరు నిర్ధారించుకోవాలి. ముందు ‘వీఎంస్టాట్ 1’ కమాండ్ ఇచ్చి మొదటి నిలువు వరుస చూడండి. ‘ఆర్’ కింద చిన్న అంకె కనిపించాలి. ‘బీ’ వరుసలో గానీ, ఐఓ వెయిట్ (డిస్కు వంటి వాటి కోసం నిరీక్షణ) చూపే ‘డబ్ల్యూఏ’ వరుసలో గానీ పెద్ద అంకె లేదని మోసపోకండి. ఎన్‌ఎఫ్‌ఎస్ జవాబు కోసం చూసే నిరీక్షణ చాలాసార్లు ఐఓ వెయిట్ లెక్కలోకి రాదు. తరువాత ‘పీఎస్’తో ప్రతి ప్రాసెస్‌కూ స్థితి, కెర్నెల్‌లో అది ఎక్కడ ఆగిందో చెప్పే ‘డబ్ల్యూచాన్’, కమాండ్ పేరు అడగండి. ‘డీ’ స్థితిలో ఉన్న వరుసల్లో ‘ఆర్‌పీసీ వెయిట్’తో మొదలయ్యే పేరు కనిపిస్తే నిరీక్షణ ఎన్‌ఎఫ్‌ఎస్ కోసమేనని తేలినట్టే. కెర్నెల్ సందేశాలు చూపే ‘డీమెసేజ్’లో స్టోరేజీ అడ్రసు పక్కన ‘నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్’ అన్న వాక్యమూ, 120 సెకన్లకు మించి ఆగిపోయిన ప్రాసెస్‌ల గురించి హెచ్చరికలూ ఉండాలి. ఈ పరిశీలన సాగుతున్నంతసేపూ ‘డీఎఫ్’ను గానీ, ఆ మౌంట్ ఉన్న డైరెక్టరీలో ‘ఎల్ఎస్’ను గానీ వాడకండి, మీ విండో కూడా ఆ వరుసలో చేరిపోతుంది. ఏ అడ్రసు నుంచి మౌంట్ అయిందో తెలుసుకోవడానికి ‘ప్రాక్’ డైరెక్టరీలోని ‘మౌంట్స్’ ఫైలు చదివితే చాలు, అది ఎవరినీ అడగదు.

ఇక స్టోరేజీ ఎందుకు జవాబివ్వడం లేదన్న విషయం. రౌటింగ్ టేబుల్‌ను తెరపై పరచుకుని కళ్ళతో వెతకడం కన్నా, ‘ఐపీ రూట్ గెట్’ కమాండ్ పక్కన 10.20.5.7 అని ఇచ్చి కెర్నెల్‌నే అడగడం మేలు. ఈ రెండింటికీ ఉన్న తేడా రైల్వే టైమ్ టేబుల్ తిరగేయడానికీ, మన బండి ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందని ఎంక్వైరీలో అడగడానికీ ఉన్న తేడా. టేబుల్‌లో ఒకే గమ్యానికి సరిపోయే రూట్లు అనేకం ఉండవచ్చు. వాటిలో ఎక్కువ బిట్లు (అడ్రసు పక్కన /16, /24 అన్న అంకెలు చెప్పేది ఇదే) సరిపోయే రూటునే కెర్నెల్ ఎంచుకుంటుంది. పైగా ‘ఐపీ రూల్’ ద్వారా వేరే టేబుళ్ళు కూడా పెట్టి ఉంటే, మీరు చూస్తున్న ప్రధాన టేబుల్‌ను కెర్నెల్ అసలు సంప్రదించకపోవచ్చు. ‘గెట్’ ఇవన్నీ లెక్కలోకి తీసుకుని, ఏ గేట్‌వే (ఇతర నెట్‌వర్క్‌లకు దారి తీసే రౌటర్) మీదుగా, ఏ కార్డు నుంచి, ఏ సోర్స్ అడ్రసుతో ప్యాకెట్ వెళుతుందో ఒక్క వరుసలో చెబుతుంది.

మీ సర్వర్‌లో ఆ జవాబు ‘వయా 10.10.0.1, డెవ్ ఈటీహెచ్1’ అని రావాలి. సిబ్బంది నెట్‌వర్క్‌లోని 192.168.1.1 గేట్‌వే పేరు, ఈటీహెచ్0 కార్డు పేరు వస్తుందని నా అంచనా. 10.20.0.0/16కు వెళ్ళే ప్రత్యేక రూటు ఒకటి ఎవరో ఎప్పుడో చేత్తో చేర్చి ఉంటారు. అలా చేర్చినది కెర్నెల్ మెమరీలోనే ఉంటుంది, ఏ ఫైలులోనూ ఉండదు. నెట్‌వర్క్ సర్వీసు రీస్టార్ట్ అయినప్పుడు కార్డు ఒకసారి డౌన్ అవుతుంది. ఆ క్షణంలో దాని మీదుగా ఉన్న రూట్లన్నింటినీ కెర్నెల్ తొలగిస్తుంది. కార్డు మళ్ళీ అప్ అయినప్పుడు 10.10.0.0/24 రూటు తనంతట తానే వస్తుంది, ఎందుకంటే అది కార్డుకున్న అడ్రసు నుంచి పుట్టేది. చేత్తో చేర్చిన రూటు మాత్రం తిరిగి రాదు. అందుకే 10.10.0.1కు పింగ్ చేస్తే అందుతుంది, కేబుల్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, దాని అవతల ఉన్న స్టోరేజీ అందదు.

అసలు రూటే లేకపోతే కనీసం తక్షణం ఎర్రర్ అయినా వచ్చేది. మీకు డిఫాల్ట్ రూటు (వేరే ఏ రూటూ సరిపోనప్పుడు వాడేది) ఉన్నందువల్ల స్టోరేజీకి వెళ్ళవలసిన ప్యాకెట్లన్నీ సిబ్బంది గేట్‌వేకు వెళుతున్నాయి. ఎన్‌ఎఫ్‌ఎస్ కనెక్షన్ ముందు నుంచీ 10.10.0 శ్రేణి అడ్రసుతో తెరిచి ఉన్నది కాబట్టి, ఆ గేట్‌వేకు తన నెట్‌వర్క్‌లో ఉండకూడని సోర్స్ అడ్రసుతో ప్యాకెట్లు కనిపిస్తాయి. అలాంటి వాటిని ఫైర్‌వాల్ సాధారణంగా ఏ సమాచారమూ ఇవ్వకుండా పారేస్తుంది. మీ మౌంట్ ‘హార్డ్’ రకానిదైతే, ఎన్‌ఎఫ్‌ఎస్‌కు అదే డిఫాల్ట్, జవాబు వచ్చేదాకా క్లయింట్ ప్రయత్నిస్తూనే ఉంటుంది, విసుగు చెందదు.

పరిష్కారం మాత్రం ఒక్క వరుసే: ‘ఐపీ రూట్ యాడ్ 10.20.0.0/16 వయా 10.10.0.1 డెవ్ ఈటీహెచ్1’. ఆ తరువాత ‘గెట్’ను మళ్ళీ అడిగి, జవాబు మారిందో లేదో చూడండి. మారితే కాసేపటికి ఎన్‌ఎఫ్‌ఎస్ తనంతట తానే కనెక్షన్ మళ్ళీ కలుపుకుంటుంది, నిలిచిపోయిన వందల ‘డీఎఫ్’లూ వరుసగా ముగుస్తాయి. 1 నిమిషం సగటు త్వరగా దిగుతుంది. 15 నిమిషాల సగటు దిగడానికి చాలాసేపు పడుతుంది, దాన్ని చూసి సమస్య ఇంకా ఉందని కంగారు పడవద్దు. జవాబు మారినా స్టోరేజీ అందకపోతే లోపం తిరుగుదారిలో ఉన్నట్టు. రెండు కార్డుల మీదా ఎన్‌ఎఫ్‌ఎస్ వాడే 2049 పోర్టుకు, ప్యాకెట్లను చూపే ‘టీసీపీడంప్’ పెట్టి చూడండి. ప్యాకెట్లు బయటికి వెళుతూ ఒక్కటి కూడా తిరిగి రాకపోతే, స్టోరేజీ వైపు గానీ మధ్య రౌటర్‌లో గానీ 10.10.0.0/24కు రూటు లేదన్నమాట. ఈటీహెచ్0 మీదుగా తిరిగి వస్తున్నా అప్లికేషన్‌కు చేరకపోతే ‘ఆర్‌పీ ఫిల్టర్’ సెట్టింగ్ చూడండి. దాని విలువ 1 అయితే, జవాబు పంపవలసిన కార్డు నుంచి కాక వేరే కార్డు నుంచి వచ్చిన ప్యాకెట్‌ను కెర్నెల్ పారేస్తుంది.

రీబూట్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. రూటు లేకుండా సర్వర్ మళ్ళీ లేచినప్పుడు ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ కావడం విఫలమవుతుంది. మౌంట్ కావలసిన చోట ఖాళీ డైరెక్టరీ మిగులుతుంది. లోడ్ సున్నా దగ్గర ఉంటుంది, ‘డీఎఫ్’ చకచకా నడుస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. బిల్లింగ్ అప్లికేషన్ మాత్రం కొత్త స్కాన్ కాపీలను ఆ ఖాళీ డైరెక్టరీలోకి, అంటే సర్వర్ సొంత డిస్కులోకి రాయడం మొదలుపెడుతుంది. పాత బిల్లు కావాలన్న రోగికి ‘ఫైలు లేదు’ అని వస్తుంది. తరువాత ఎవరైనా స్టోరేజీని సరిగ్గా మౌంట్ చేసినప్పుడు, ఈ మధ్యలో రాసిన ఫైళ్ళు దాని కింద కనపడకుండా పోతాయి. లోడ్ 480 ఉన్న సర్వర్ కన్నా ఇది ప్రమాదకరం.

రూటును శాశ్వతం చేయడం మరవద్దు. నెట్‌వర్క్ మేనేజర్ వాడే రెడ్ హ్యాట్ కుటుంబంలో ‘ఎన్ఎంసీఎల్ఐ’తో ఆ కనెక్షన్‌కు ఐపీవీ4 రూట్ల జాబితాలో దీన్ని చేర్చాలి, ఉబుంటులో నెట్‌ప్లాన్ ఫైలులో ఈటీహెచ్1 కింద ‘రూట్స్’ భాగంలో రాయాలి. నెట్‌ప్లాన్‌లో నేరుగా ‘అప్లై’ చేయకుండా ‘ట్రై’ వాడండి. 120 సెకన్లలో మీరు సరేనని నిర్ధారించకపోతే అది పాత అమరికకు వెనక్కి వెళుతుంది. దూరం నుంచి లాగిన్ అయ్యి నెట్‌వర్క్ మార్చేవారికి ఇంతకు మించిన రక్షణ లేదు. ఆ తరువాత రద్దీ లేని వేళ చూసుకుని, కన్సోల్ అందుబాటులో ఉంచుకుని, నెట్‌వర్క్ సర్వీసును కావాలనే ఒకసారి రీస్టార్ట్ చేసి రూటు నిలిచిందో లేదో పరీక్షించండి.

నిమిషం స్క్రిప్టునూ బాగుచేయాలి. ‘డీఎఫ్’కు ‘ఎల్’ ఆప్షన్ ఇస్తే స్థానిక డిస్కులను మాత్రమే చూస్తుంది. స్టోరేజీని కూడా చూడక తప్పదంటే ‘టైమౌట్’ కమాండ్ లోపల నడపండి. ముందరిది ముగియకుండా రెండోది మొదలుకాకుండా ‘ఎఫ్‌లాక్’ పెట్టండి. ఇలా ఆగిపోకుండా మౌంట్‌నే ‘సాఫ్ట్’గా మార్చమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. సాఫ్ట్ మౌంట్‌లో గడువు దాటగానే రాత విఫలమైనట్టు అప్లికేషన్‌కు ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్‌ను అప్లికేషన్ పట్టించుకోకపోతే సగం రాసిన బిల్లు పూర్తయినట్టు చెలామణి అవుతుంది. డబ్బు లెక్కలున్న చోట ఆగిపోవడమే మంచిది.

ప్రశ్న: మా సర్వర్లకు అడ్రసులు డీహెచ్‌సీపీ (యంత్రాలకు నెట్‌వర్క్ అడ్రసులు పంచే సర్వీసు) ద్వారా వస్తాయి. నెట్‌వర్క్ బృందంవారు డీహెచ్‌సీపీలో ఒక లోపలి నెట్‌వర్క్‌కు కొత్త రూటు చేర్చారు. ఆ రోజంతా సర్వర్లు ఒకదాని తరువాత ఒకటి పడిపోతూ వచ్చాయి. పడిపోయిన ప్రతి దానిలోనూ సీపీయూ 100 శాతం, లాగ్ ఫైలు నిండా ‘నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్’ అన్న వాక్యమే. కొత్తగా రూటు చేర్చితే పాతది పోవడమేమిటి? అన్నీ ఒకేసారి ఎందుకు పడలేదు?
— సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, హైదరాబాద్

జవాబు: మీ బృందంవారు వాడినది డీహెచ్‌సీపీలోని 121వ ఆప్షన్ అయి ఉంటుంది. మామూలుగా డిఫాల్ట్ గేట్‌వే 3వ ఆప్షన్ ద్వారా వస్తుంది. 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3442 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారం 121 వచ్చినప్పుడు క్లయింట్ 3ను పూర్తిగా పక్కన పెట్టాలి. అంటే 121లో ఏ రూట్లు రాశారో అవే ఉంటాయి. డిఫాల్ట్ రూటు కావాలంటే 0.0.0.0/0ను కూడా అందులోనే రాయాలి. అది రాయకుండా లోపలి నెట్‌వర్క్ రూటు ఒక్కటే రాస్తే, కొత్తది వచ్చి పాతది పోతుంది. క్లయింట్ నియమం పాటించినందువల్లే ఇది జరిగింది, అందులో దాని లోపమేమీ లేదు.

ఒక్కొక్కటిగా పడిపోవడానికి కారణం లీజు, అంటే అడ్రసు వాడుకోవడానికి ఇచ్చే గడువు. క్లయింట్ సాధారణంగా లీజు కాలంలో సగం గడిచాక రెన్యూ చేసుకుంటుంది. లీజు 24 గంటలైతే 12 గంటల దగ్గర. ఏ సర్వర్ ఎప్పుడు బూట్ అయిందో దాన్నిబట్టి కొత్త అమరిక దానికి చేరింది. ఒకే మార్పు వల్ల వచ్చిన లోపం రోజంతా చెదురుమదురుగా కనిపించి, ప్రతి సర్వర్‌లోనూ వేరే కారణం వెతికేలా చేస్తుంది.

ఈ లోడ్ మొదటి ఉత్తరంలోని లోడ్ లాంటిది కాదు. అక్కడ ప్యాకెట్లకు తప్పు రూటు దొరికింది, అందుకే నిరీక్షణ. ఇక్కడ ఏ రూటూ దొరకలేదు కాబట్టి కెర్నెల్ ఒక్క ప్యాకెట్ కూడా పంపకుండానే క్షణంలో ఎర్రర్ ఇస్తోంది. మీ ప్రోగ్రాం ఆ ఎర్రర్ చూసి వెంటనే మళ్ళీ ప్రయత్నిస్తోంది, మళ్ళీ ఎర్రర్, మళ్ళీ ప్రయత్నం. ప్రతిసారీ లాగ్‌లో ఒక వరుస. జవాబు రాని కనెక్షన్ అయితే లినక్స్ చాలాసార్లు మళ్ళీ ప్రయత్నించి రెండు నిమిషాలు దాటాక గానీ వదలదు కాబట్టి, ప్రోగ్రాం రాసినవారికి ఈ లోపం పరీక్షల్లో కనిపించి ఉండదు. ప్రతి వైఫల్యం తరువాతా వ్యవధిని రెట్టింపు చేస్తూ, దానికి కొంత యాదృచ్ఛికత కలిపి, ఒక గరిష్ఠ పరిమితి పెట్టి మళ్ళీ ప్రయత్నించేలా ప్రోగ్రాంను మార్చండి. రూటు సరిచేయడం నెట్‌వర్క్ బృందం పని, ఇది మీ పని.

ప్రశ్న: మా వెబ్ సర్వర్‌లో డాకర్ కంపోజ్‌తో (ప్రోగ్రాంలను విడివిడి కంటైనర్లలో నడిపే సాధనం) ఒక కొత్త ప్రాజెక్టు పెట్టాను. ఆ వెంటనే అదే సర్వర్‌లో డాకర్ బయట నడుస్తున్న పాత అప్లికేషన్‌కు ఆఫీసు డేటాబేస్ అందడం మానేసింది. దాని అడ్రసు 172.18.40.9. ‘నో రూట్ టు హోస్ట్’ అని వస్తోంది. డిఫాల్ట్ రూటు చక్కగా ఉంది, ఆఫీసులోని మిగతా సర్వర్లన్నీ అందుతున్నాయి. ఇంకో విచిత్రం: మొదట సైటు నిలిచిపోయినా లోడ్ 1 కూడా లేదు, అరగంట తరువాత ఒక్కసారిగా 90కి చేరింది.
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ‘ఐపీ రూట్ గెట్ 172.18.40.9’ అని అడగండి. ఆఫీసు గేట్‌వేకు బదులు ‘బీఆర్’తో మొదలయ్యే డాకర్ బ్రిడ్జి (కంటైనర్లను కలిపే సర్వర్ లోపలి నెట్‌వర్క్) పేరు కనిపిస్తుంది. డాకర్ తన మొదటి బ్రిడ్జికి 172.17.0.0/16 తీసుకుంటుంది, కొత్త నెట్‌వర్క్ సృష్టించిన ప్రతిసారీ 172.18, 172.19 అంటూ 172.31 దాకా ముందుకు పోతుంది. మీ కంపోజ్ ప్రాజెక్టుకు 172.18.0.0/16 దొరికింది. డిఫాల్ట్ రూటు కన్నా అది కచ్చితమైన రూటు కాబట్టి ఆ శ్రేణిలోని ప్యాకెట్లన్నీ ఇప్పుడు సర్వర్ లోపలి బ్రిడ్జికే వెళుతున్నాయి. అక్కడ 172.18.40.9 ఎవరని ఏఆర్‌పీ (ఒకే నెట్‌వర్క్‌లో అడ్రసు ఎవరిదో కనుక్కునే పద్ధతి) ద్వారా 3 సార్లు అడిగి, ఎవరూ పలకకపోతే సుమారు 3 సెకన్ల తరువాత కెర్నెల్ ఈ ఎర్రర్ ఇస్తుంది. కాబట్టి ‘నో రూట్ టు హోస్ట్’ అన్నంత మాత్రాన టేబుల్‌లో రూటు లేదని అనుకోకూడదు. చాలాసార్లు రూటు ఉండి, చివరి అడుగులో మనిషి దొరకని పరిస్థితి అది. కొన్ని ఫైర్‌వాల్‌లు నిరాకరించేటప్పుడు పంపే ఐసీఎంపీ (నెట్‌వర్క్ ఎర్రర్లు తెలిపే పద్ధతి) సందేశం వల్ల కూడా ఇదే వాక్యం వస్తుంది.

లోడ్ ఆలస్యంగా పెరగడానికి కారణం ఇది. సాకెట్ మీద ఎదురుచూసే ప్రాసెస్ ‘డీ’ స్థితిలో ఉండదు. మధ్యలో లేపగలిగిన మామూలు నిద్రలో, అంటే ‘ఎస్’ స్థితిలో ఉంటుంది. దాన్ని లోడ్ లెక్కలోకి తీసుకోరు. మీ వర్కర్లు (రిక్వెస్టులకు జవాబిచ్చే ప్రాసెస్‌లు) ఒక్కో రిక్వెస్టుకు మూడేసి సెకన్లు, అప్లికేషన్ మళ్ళీ ప్రయత్నిస్తే అంతకన్నా ఎక్కువ సేపు ఆగుతున్నా లోడ్ కదలలేదు. ఈలోగా కొత్త రిక్వెస్టుల కోసం మరిన్ని వర్కర్లు పుట్టాయి, మెమరీ నిండింది, స్వాప్ (మెమరీలోని భాగాలను డిస్కుకు తరలించడం) మొదలైంది. స్వాప్ డిస్కు కోసం ఎదురుచూసే ప్రాసెస్ ‘డీ’లోకి వస్తుంది, లోడ్ 90 అయింది అప్పుడు. వర్కర్ల గరిష్ఠ సంఖ్యను మెమరీకి తగ్గట్టు కట్టడి చేసి ఉంటే సైటు ఎలాగూ నిలిచేది గానీ, మీరు హాయిగా లాగిన్ అయ్యి కారణం వెతకగలిగేవారు.

తక్షణ ఉపశమనానికి 172.18.40.9/32 అనే ఒక్క అడ్రసుకు ఆఫీసు గేట్‌వే మీదుగా రూటు చేర్చండి. /16 కన్నా /32 కచ్చితమైనది కాబట్టి అది గెలుస్తుంది, కనెక్షన్ అప్పటికప్పుడే కలుస్తుంది. శాశ్వతంగా అయితే డాకర్ డీమన్ అమరికల ఫైలులో ‘డిఫాల్ట్ అడ్రస్ పూల్స్’ కింద మీ ఆఫీసు ఎక్కడా వాడని శ్రేణిని ఇవ్వాలి. ఆ మార్పు ఇకపై సృష్టించే నెట్‌వర్క్‌లకే వర్తిస్తుంది; ఇప్పటికే ఉన్న ప్రాజెక్టు నెట్‌వర్క్‌ను తొలగించి మళ్ళీ సృష్టించక తప్పదు.

ప్రశ్న: రూట్లు పోయి సర్వర్ల లోడ్ పెరగడం ఒక ఆఫీసుకే పరిమితమా? ఇంటర్నెట్ అంతటి స్థాయిలో ఎప్పుడైనా జరిగిందా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: జరిగింది, మీకు గుర్తుండే ఉంటుంది. 2021 అక్టోబర్ 4న, మన వేళల్లో రాత్రి 9 దాటాక, ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు 6 గంటల పాటు ప్రపంచమంతటా నిలిచిపోయాయి. సంస్థ తరువాత ఇచ్చిన వివరణ ప్రకారం, తన డేటా సెంటర్లను కలిపే సొంత బ్యాక్‌బోన్ నెట్‌వర్క్ సామర్థ్యాన్ని అంచనా వేయడానికి ఇచ్చిన ఒక కమాండ్ ఆ బ్యాక్‌బోన్‌నే మొత్తంగా తెగిపోయేలా చేసింది. అలాంటి కమాండ్‌ను అడ్డుకోవలసిన పరిశీలన సాధనంలో కూడా లోపం ఉంది. డేటా సెంటర్లతో మాట్లాడలేకపోతే తమ రూట్లను బీజీపీ (నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) ద్వారా ప్రకటించడం మానేయాలని ఆ సంస్థ డీఎన్‌ఎస్ సర్వర్లకు ముందే నియమం పెట్టి ఉంది. ఒక చోట లోపం వస్తే జనాన్ని మరో చోటికి మళ్ళించడానికి పెట్టిన మంచి నియమమే అది. ఆ రోజు అన్నిచోట్లా ఒకేసారి సంబంధం తెగింది కాబట్టి అన్నీ ఒకేసారి తమ రూట్లను వెనక్కి తీసుకున్నాయి. డీఎన్‌ఎస్ సర్వర్లు నడుస్తూనే ఉన్నా వాటిని చేరే దారి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేకుండా పోయింది.

మీ ప్రశ్నకు సంబంధించిన భాగం ఆ తరువాతది. ఫేస్‌బుక్ అడ్రసు కోసం అడిగిన ప్రతి యాప్‌కూ ‘సర్వ్‌ఫెయిల్’ అనే వైఫల్యపు జవాబు వచ్చింది. యాప్‌లు ఊరుకోలేదు, మళ్ళీ మళ్ళీ అడిగాయి. మనుషులూ ఊరుకోలేదు, మళ్ళీ మళ్ళీ తెరిచారు. ఫలితంగా, ఫేస్‌బుక్‌తో సంబంధమే లేని క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ తన డీఎన్‌ఎస్ రిజాల్వర్లకు (జనం తరఫున పేర్లకు అడ్రసులు వెతికిపెట్టే సర్వర్లకు) మామూలు కన్నా 30 రెట్లు ఎక్కువ ప్రశ్నలు వస్తున్నాయని ఆ రోజే ప్రకటించింది. రూటు పోయింది ఒకరిది, లోడ్ పెరిగింది మరొకరిది. పైన హైదరాబాద్ పాఠకుడి ప్రోగ్రాం చేసిన పనే ఇది, కోట్ల ఫోన్లలో.

రౌటర్లకే ఈ బాధ వచ్చిన సందర్భం 2014 ఆగస్టు 12. ఇంటర్నెట్ రూట్ల సంఖ్య ఆ రోజు కొద్దిసేపు 512కే, అంటే దాదాపు 5.24 లక్షలు దాటింది. సిస్కో 6500, 7600 వంటి పాత రౌటర్లలో ప్యాకెట్లను వేగంగా పంపే హార్డ్‌వేర్ మెమరీకి ఐపీవీ4 కోసం డిఫాల్ట్‌గా ఉన్న పరిమితి అదే. పరిమితి దాటాక వచ్చిన రూట్లు సాఫ్ట్‌వేర్ టేబుల్‌లో ఉంటాయి గానీ హార్డ్‌వేర్‌లో ఉండవు. వాటికి చెందిన ప్యాకెట్లన్నీ రౌటర్‌లోని చిన్న సీపీయూ మీద పడతాయి, అది మోయలేక చతికిలపడుతుంది. పరిమితిని పెంచే కమాండ్ ముందే ఉంది. దాన్ని వాడి, రౌటర్‌ను ఒకసారి రీలోడ్ చేసి ఉన్నవారికి ఆ రోజు ఏమీ కాలేదు.

ప్రశ్న: సర్వర్‌లో ‘రూట్’ అనే పాత కమాండ్ ఇస్తే ఒక్కో వరుస రావడానికి చాలాసేపు పడుతోంది. ‘ఐపీ రూట్’ మాత్రం వెంటనే వస్తుంది. టేబుల్ పెద్దదైపోయిందా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: టేబుల్‌కు దీనితో సంబంధం లేదు. పాత ‘రూట్’ కమాండ్ ప్రతి అడ్రసుకూ పేరు కనుక్కోవడానికి డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది. జవాబు రాకపోతే డిఫాల్ట్‌గా 5 సెకన్లు చూసి మళ్ళీ అడుగుతుంది. ‘ఎన్’ ఆప్షన్ చేర్చితే పేర్లు వెతకకుండా అంకెలే చూపిస్తుంది, వెంటనే వస్తుంది. అయితే అంతటితో వదిలేయకండి. మీ సర్వర్‌కు డీఎన్‌ఎస్ అందడం లేదని ఈ ఆలస్యం చెబుతోంది. ‘రిజాల్వ్ కాన్ఫ్’ ఫైలులో ఉన్న నేమ్‌సర్వర్ అడ్రసు తీసుకుని, దానికి కెర్నెల్ ఏ రూటు ఎంచుకుంటున్నదో ‘ఐపీ రూట్ గెట్’తో అడగండి.